పాత కన్సోళ్ల స్క్రోలింగ్ షూటర్లను న్యాయంగా పోల్చడం ఎలా

స్క్రోలింగ్ షూటర్ అంటే తెర కదులుతూ ఉంటే చిన్న నౌక (షిప్)తో శత్రువులను కాల్చుకుంటూ పోయే ఆట. ఈ రకంలో గ్రేడియస్ 3 గొప్పదా, థండర్ ఫోర్స్ 3 గొప్పదా అని అడిగితే ఎక్కువమంది మొదటి స్టేజ్ గుర్తు తెచ్చుకుని జవాబు చెబుతారు. బ్యాక్‌గ్రౌండ్ ఎన్ని పొరలుగా కదిలింది, బాస్ ఎంత పెద్దగా ఉన్నాడు, పాట ఎలా ఉంది. ఇవన్నీ లెక్కలోకి రావలసినవే. కానీ షూటర్ అసలు స్వభావం బయటపడేది వేరే రెండు చోట్ల. బుల్లెట్ కంటపడిన క్షణం నుంచి అది షిప్‌ను తాకే దాకా ఎంత సమయం దొరుకుతుంది అనేది మొదటిది. ఒక లైఫ్ పోయాక వచ్చే అర నిమిషంలో ఆట మనల్ని ఏ స్థితిలో నిలబెడుతుంది అనేది రెండోది. ఈ రెండూ కొలవకుండా చేసిన పోలిక బొమ్మల పోలికే అవుతుంది. ఈ రెండూ కొలవవచ్చు, దానికి పెద్ద సరంజామా కూడా అక్కర్లేదు.

ముందు జత కుదరాలి

అడ్డంగా కదిలే షూటర్‌ను నిలువుగా కదిలేదానితో నేరుగా పోల్చకండి. కనబడే దూరం, తప్పుకునే దిశ, నేల గోడల పాత్ర అన్నీ మారిపోతాయి. ఆ తర్వాత చూడాల్సింది పవర్-అప్ (ఆటలో దొరికే అదనపు బలం) పద్ధతి. గ్రేడియస్‌లో క్యాప్సూల్స్ పోగేసి కింద ఉన్న బార్‌లోంచి మనకు కావలసింది మనమే ఎంచుకుంటాం. ఆర్-టైప్‌లో ఫోర్స్ అనే గోళాన్ని షిప్ ముందో వెనకో తగిలించుకుంటాం, లేదా విసిరేస్తాం. థండర్ ఫోర్స్ 3లో దొరికిన ఆయుధాలన్నీ చేతిలోనే ఉంటాయి, బటన్ నొక్కి మార్చుకోవడమే. మూడూ అడ్డంగా కదిలేవే అయినా ఆడేవాడి బుర్ర మూడింటిలో మూడు రకాలుగా పనిచేయాలి. పోలిక రాసేటప్పుడు ఈ తేడాను మొదటి వాక్యంలోనే చెప్పేయాలి. లేకపోతే కింద ఎన్ని అంకెలు రాసినా చదివేవాళ్లకు ఉపయోగపడవు.

మొదటిసారి పోల్చేవాళ్లకు మంచి త్రయం ఒకటి ఉంది. కంపైల్ సంస్థ చేసిన మూడు నిలువు షూటర్లు: పీసీ ఇంజిన్ మీద గన్‌హెడ్ (1989), మెగా డ్రైవ్ మీద ముషా అలెస్టే (1990), సూపర్ ఫామికామ్ మీద సూపర్ అలెస్టే (1992). తయారీదారు ఒకరే, శైలి దగ్గర దగ్గరగా ఒకటే, కన్సోళ్లు మాత్రం మూడు వేరు. కన్సోల్ వల్ల వచ్చిన తేడా ఏది, డిజైన్ వల్ల వచ్చిన తేడా ఏది అని విడదీయడానికి ఇంతకంటే అనువైన సామగ్రి దొరకదు.

ఒక్కో ఆటకు రెండేసి పేర్లు ఉండటం వల్ల ఇక్కడ చాలామంది తికమకపడతారు. గన్‌హెడ్ అమెరికాలో బ్లేజింగ్ లేజర్స్‌గా వచ్చింది. సూపర్ అలెస్టే అక్కడ స్పేస్ మెగాఫోర్స్. తత్సుజిన్ బయటి దేశాల్లో ట్రక్స్‌టన్. థండర్ ఫోర్స్ 4 అమెరికాలో లైటెనింగ్ ఫోర్స్. పేరుతోపాటు లోపలి సరుకు కూడా మారిన సందర్భాలున్నాయి. సాలమండర్ ఫామికామ్ కార్ట్రిడ్జ్‌లో మూడు ఆప్షన్ల (షిప్ వెంట తిరుగుతూ కాల్చే గోళాలు) దాకా తెచ్చుకోవచ్చు, అదే ఆట లైఫ్ ఫోర్స్ పేరుతో వచ్చిన ఎన్‌ఈఎస్ (ఫామికామ్ విదేశీ రూపం) కార్ట్రిడ్జ్‌లో రెండే. కాబట్టి ఏ ప్రాంతపు వెర్షన్ ఆడారో నోట్స్‌లో పై వరుసలో రాసుకోండి.

50 హెర్ట్జ్ ఉచ్చు

యూరప్ పాల్ (అక్కడి టీవీ ప్రమాణం) కన్సోళ్లు సెకనుకు 50 ఫ్రేములు (50 హెర్ట్జ్) చూపిస్తాయి, జపాన్, అమెరికా కన్సోళ్లు దాదాపు 60. ఆ రోజుల్లో చాలా ఆటలు ఫ్రేమ్‌ను పట్టుకునే నడుస్తాయి. అంటే 60 హెర్ట్జ్ కోసం రాసిన ఆటను మార్పులేమీ చేయకుండా 50 మీద నడిపితే ఆటా పాటా రెండూ 16.7 శాతం నెమ్మదిస్తాయి, తెర పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి. బుల్లెట్ నెమ్మదిగా వస్తే తప్పుకోవడం తేలిక. ఒక ఆటను 50 మీద, ఇంకోదాన్ని 60 మీద ఆడి ఏది కష్టమని తేల్చడం కుదరదు. రెండూ 60 మీదే ఆడాలి. ఎమ్యులేటర్ (పాత కన్సోల్‌ను అనుకరించే ప్రోగ్రామ్) వాడుతుంటే సెట్టింగ్స్‌లో ప్రాంతాన్ని ఆటోకు వదిలేయకుండా చేత్తో పెట్టండి. ఫైల్‌లో ప్రాంతం సమాచారం సరిగా లేనప్పుడు ఆటో తప్పుగా ఊహిస్తుంది.

తెర, రికార్డింగ్

ఈ కన్సోళ్లు మామూలుగా 240పి (ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మే) అనే సిగ్నల్ పంపుతాయి. చాలా ఎల్‌సీడీ టీవీలు దాన్ని 480ఐ (బొమ్మను రెండు సగాలుగా పంపే సిగ్నల్) అనుకుని, రెండేసి ఫ్రేములను కలిపి ఒక బొమ్మ చేస్తాయి. దీనివల్ల రెండు నష్టాలు. ఒకటి, ఆలస్యం. రెండోది షూటర్లకు మరీ ముఖ్యం: ఫ్రేమ్ మార్చి ఫ్రేమ్ మిణుకుమనే వస్తువులు చారలుగా చీలిపోతాయి, లేదా మాయమవుతాయి. లైఫ్ పోయి మళ్లీ వచ్చినప్పుడు షిప్ మిణుకుమనేది, చాలా పొగ మంచు ప్రభావాలు, స్ప్రైట్లు (కదిలే బొమ్మల ముక్కలు) ఎక్కువైనప్పుడు వచ్చే ఫ్లికర్ (మిణుకు) అన్నీ ఈ కోవలోవే. సీఆర్‌టీ (పాత పిక్చర్ ట్యూబ్) టీవీ ఉంటే అదే వాడండి. లేకపోతే 240పిని 240పిగానే గుర్తించే స్కేలర్ (సిగ్నల్‌ను కొత్త టీవీకి తగ్గట్టు మార్చే పరికరం) మధ్యలో పెట్టండి, టీవీని గేమ్ మోడ్‌లో ఉంచండి.

రికార్డింగ్‌లోనూ ఇదే తప్పు జరుగుతుంది. 30 ఫ్రేముల వీడియోలో ప్రతి రెండో ఫ్రేమ్ పోతుంది. మిణుకుమనే బుల్లెట్ ఆ వీడియోలో పూర్తిగా కనబడకుండా పోవచ్చు, లేదా అసలు మిణుకే లేనట్టు గట్టిగా కనబడవచ్చు. అందుకే పాత 30 ఫ్రేముల వీడియోలు చూసి ఈ ఆటలో ఫ్లికర్ లేదు అని రాసే మాట నమ్మకూడదు. క్యాప్చర్ 60 ఫ్రేముల్లో ఉండాలి. మీ క్యాప్చర్ పరికరం 480ఐ మాత్రమే తీసుకుంటుంటే, తర్వాత బాబ్ పద్ధతిలో డీఇంటర్‌లేస్ చేసి ఒక్కో ఫీల్డ్‌ను (సగం బొమ్మను) ఒక్కో ఫ్రేమ్‌గా విడదీయండి. ఫోన్‌ను టీవీ ముందు పెట్టి తీసిన వీడియోలో ఫ్రేమ్ వేగం హెచ్చుతగ్గులవుతుంది కాబట్టి ఫ్రేములు లెక్కపెట్టడానికి అది పనికిరాదు.

ఒక్క కొలతకు మాత్రం ఫోన్ బాగా పనికొస్తుంది, అది బటన్ ఆలస్యం. సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో కంట్రోలర్ మీద బొటనవేలూ తెరా రెండూ ఒకే చట్రంలో పడేలా తీయండి. వేలు బటన్‌ను పూర్తిగా నొక్కిన ఫ్రేమ్ నుంచి షిప్ కదిలిన ఫ్రేమ్ దాకా లెక్కపెట్టండి. ఫోన్‌లో నాలుగు ఫ్రేములంటే ఆటలో ఒక ఫ్రేమ్, అంటే 16.7 మిల్లీసెకన్లు. పదిసార్లు కొలిచి వరుసలో పేర్చి మధ్యలో వచ్చిన అంకె తీసుకోండి. సగటు తీస్తే ఒక్క తప్పు కొలత మొత్తాన్ని పాడుచేస్తుంది. ఒకే టీవీ, ఒకే కేబుల్ దారి మీద రెండు ఆటలనూ కొలిస్తే తేడా వచ్చినంత మేరా అది ఆటది, లేదా కన్సోల్‌ది. టీవీ మారిస్తే ఆ అంకెలన్నీ కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

చూపు సమయం

అన్నిటికంటే ఎక్కువ విషయం చెప్పేది ఈ కొలతే, కానీ దాదాపు ఎవరూ దీన్ని కొలవరు.

సూపర్ ఫామికామ్ ఆటలు సాధారణంగా 256×224 పిక్సెళ్లలో నడుస్తాయి. మెగా డ్రైవ్‌లో 320×224 మోడ్ ఎక్కువ వాడకంలో ఉంది, 256 మోడ్ కూడా ఉంది. ఎన్‌ఈఎస్ 256×240, మాస్టర్ సిస్టమ్ 256×192. అన్ని కన్సోళ్ల బొమ్మా అదే టీవీ మీద 4:3గా సాగుతుంది కాబట్టి కంటికి తేడా తెలియదు. లెక్కకు మాత్రం తెలుస్తుంది. అడ్డంగా కదిలే ఆటలో షిప్ ముక్కు ఎడమ అంచు నుంచి 48 పిక్సెళ్ల దగ్గర ఉందనుకుందాం. కుడి అంచులో పుట్టిన బుల్లెట్ ఫ్రేముకు 4 పిక్సెళ్ల చొప్పున వస్తోంది. 256 వెడల్పులో దానికి 208 పిక్సెళ్ల దారి, 52 ఫ్రేములు, అంటే సుమారు 0.87 సెకను. 320 వెడల్పులో 272 పిక్సెళ్లు, 68 ఫ్రేములు, 1.13 సెకన్లు. మనిషి కన్ను చూసి వేలు కదలడానికే పన్నెండు నుంచి పదిహేను ఫ్రేములు పోతాయి. మిగిలినదే మనం ఆలోచించుకునే సమయం. అందులో పదహారు ఫ్రేముల తేడా అంటే చిన్న విషయం కాదు.

కొలిచే విధానం ఇదీ. రికార్డింగ్‌లో ఒక బుల్లెట్ తెర మీదికి వచ్చిన మొదటి ఫ్రేమ్ వెతకండి. వీఎల్‌సీ ప్లేయర్‌లో పాజ్ చేసి ఇంగ్లిష్ ఈ అక్షరం మీట నొక్కితే ఒక్కో ఫ్రేమ్ ముందుకు జరుగుతుంది. మీ షిప్ మామూలుగా నిలిచే వరుసను ఆ బుల్లెట్ దాటే ఫ్రేమ్ దాకా లెక్కపెట్టండి. ఒక్కో స్టేజ్ నుంచి అయిదారు బుల్లెట్లు తీసుకోండి, అందులో అత్యంత వేగంగా వచ్చినదాన్ని విడిగా రాసుకోండి. మామూలు బుల్లెట్లకు 60 ఫ్రేములు ఇచ్చి, వెనకనుంచి దూసుకొచ్చే శత్రువుకు 14 ఫ్రేములే ఇచ్చే ఆట ఉంటే, ఆ 14 దగ్గర అది జ్ఞాపకశక్తి మీద నడుస్తోందన్నమాట. మొదటిసారి ఆడేవాడు అక్కడ బతకడు, రెండోసారి ఆడేవాడు ముందే తప్పుకుని ఉంటాడు. అలాంటి చోట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే ఆట కష్టం చేతివేగంలో ఉందా, కంఠస్థంలో ఉందా తేలిపోతుంది. థండర్ ఫోర్స్ 3లో గోడలు, మంటలు, వెనక నుంచి వచ్చే దాడులు కొన్ని స్పష్టంగా రెండో రకానివే. నా దృష్టిలో అది ఆ ఆట లోపం కాదు, కానీ పోలికలో చెప్పి తీరాల్సిన సంగతి.

నిలువు షూటర్లలో ఇబ్బంది ఇంకా ఎక్కువ. ఆర్కేడ్‌లో (నాణెం వేసి ఆడే యంత్రాల్లో) వీటికి తెరను నిలువుగా తిప్పి పెట్టేవారు. టోఆప్లాన్ సంస్థ చేసిన తత్సుజిన్‌కు ఆర్కేడ్‌లో పైనుంచి కిందికి 320 పిక్సెళ్లు. ఇంట్లో టీవీ అడ్డంగా ఉంటుంది, ఎత్తు 224 మాత్రమే. షిప్ కింది అంచు నుంచి 40 పిక్సెళ్ల దగ్గర ఉంటే ఆర్కేడ్‌లో 280 పిక్సెళ్ల చూపు దొరికే చోట కన్సోల్‌లో 184 దొరుకుతుంది. మెగా డ్రైవ్ పోర్ట్‌లో (ఆ కన్సోల్‌కు మార్చిన వెర్షన్‌లో) స్కోరు, బాంబుల వివరాలు కుడివైపు పట్టీలోకి జరిపారు. అలా చేస్తే ఎత్తు తినకుండా ఉంటుంది, ఆట స్థలం ఆకారం కూడా ఆర్కేడ్‌కు కాస్త దగ్గరవుతుంది. స్కోరు పట్టీని పైన పెట్టిన ఆటల్లో ఆ 8, 16 పిక్సెళ్లు కూడా చూపులోంచి తీసేయాలి. ఆ పట్టీ వెనకనుంచి బుల్లెట్లు పుడుతున్నాయేమో కూడా చూడండి. తర్వాతి తరం సాటర్న్, డ్రీమ్‌కాస్ట్ ఆటల్లో టీవీని నిలువుగా తిప్పుకుని ఆడే టాటే మోడ్ వచ్చింది. డ్రీమ్‌కాస్ట్ ఇకరుగాలో (2002) అది ఉంది. ఒక ఆటను టాటేలో, ఇంకోదాన్ని అడ్డ తెర మీద ఆడి పోల్చితే ఫలితం చెల్లదు.

థండర్ ఫోర్స్ 4ది ఇంకో దారి. అందులో ఆట స్థలం తెరకంటే ఎత్తైనది, షిప్ పైకీ కిందికీ వెళ్తుంటే తెర కూడా వెంట కదులుతుంది. అందువల్ల కనబడని చోటునుంచి బుల్లెట్ రావచ్చు. ఇలాంటి ఆటకు చూపు సమయాన్ని మూడు ఎత్తుల దగ్గర కొలవండి: పై అంచు, మధ్య, కింది అంచు.

స్లోడౌన్, ఫ్లికర్

ఆట వేగం పడిపోవడం స్లోడౌన్, బొమ్మలు మిణుకుమనడం ఫ్లికర్. ఈ రెండింటినీ ఒకటే జబ్బుగా చెబుతుంటారు. కారణాలు వేరు.

ఫ్లికర్ వీడియో చిప్ పరిమితి. ఒక అడ్డగీత మీద ఎన్‌ఈఎస్, మాస్టర్ సిస్టమ్ ఎనిమిదేసి స్ప్రైట్లే చూపగలవు. పీసీ ఇంజిన్ 16. మెగా డ్రైవ్ 320 మోడ్‌లో 20, సూపర్ ఫామికామ్ 32. స్ప్రైట్ అంటే ఇక్కడ మొత్తం షిప్ కాదు, చిన్న చతురస్రపు ముక్క. ఎన్‌ఈఎస్‌లో ఒక్కో స్ప్రైట్ 8 పిక్సెళ్ల వెడల్పే. 24 పిక్సెళ్ల షిప్ ఒక్కటే మూడు తినేస్తుంది, పక్కనే అదే వరుసలో ఆప్షన్లూ లేజర్లూ చేరితే ఎనిమిది ఇట్టే నిండిపోతాయి. ఎన్‌ఈఎస్ గ్రేడియస్‌లో (1986) ఆర్కేడ్‌లోలా నాలుగు కాకుండా రెండే ఆప్షన్లు ఉండటాన్ని ఈ పరిమితి పక్కన పెట్టి చూడాలి. పరీక్ష సులువు: షిప్‌నూ ఆప్షన్లనూ ఒకే అడ్డవరుసలోకి తెచ్చి కాల్చండి, శత్రువులూ అదే ఎత్తులో ఉండగా. అప్పుడు మాయమవుతున్నవి ఏవో గమనించండి. మీ బుల్లెట్లు మాయమైతే పెద్ద నష్టం లేదు. శత్రువు బుల్లెట్లు మాయమైతే ఆట అన్యాయంగా మారుతుంది. మంచి ప్రోగ్రామర్లు ప్రాధాన్యాన్ని ఫ్రేమ్ ఫ్రేమ్‌కూ తిప్పుతారు, దేనికదే కాసేపు మిణుకుమంటుంది కానీ ఏదీ పూర్తిగా పోదు. ఎమ్యులేటర్లలో స్ప్రైట్ పరిమితి తీసేసే సెట్టింగ్ ఉంటుంది. పోల్చేటప్పుడు అది ఆఫ్‌లో ఉండాలి.

ఎనిమిది బిట్ల కన్సోళ్లలో పెద్ద బాస్ వచ్చినప్పుడు బ్యాక్‌గ్రౌండ్ ఒక్కసారిగా నల్లబడటం చూసే ఉంటారు. అంత పెద్ద బొమ్మను స్ప్రైట్లతో గీయడం కుదరక, బాస్‌ను బ్యాక్‌గ్రౌండ్ పొర మీదే గీస్తారు. ఉన్నది ఒక్కటే పొర కాబట్టి వెనక గీయడానికి ఇంకేమీ మిగలదు. మెగా డ్రైవ్‌కు రెండు పొరలున్నాయి, సూపర్ ఫామికామ్ సాధారణంగా వాడే మోడ్‌లో మూడు.

స్లోడౌన్ ప్రాసెసర్ పరిమితి. శత్రువులు, బుల్లెట్లు, ఎవరికి ఏది తగిలింది అనే లెక్క అంతా 16.7 మిల్లీసెకన్లలో ముగియాలి. ముగియకపోతే ఆట తర్వాతి ఫ్రేమ్ దాకా ఆగుతుంది, కాబట్టి వేగం కొద్దిగా తగ్గడం ఉండదు, ఒక్కసారిగా సగానికి పడుతుంది. సూపర్ ఫామికామ్ ప్రాసెసర్ గరిష్ఠంగా 3.58 మెగాహెర్ట్జ్, నెమ్మది రోమ్ చిప్పులున్న కార్ట్రిడ్జ్‌లలో 2.68. మెగా డ్రైవ్‌లోని 68000 అనే ప్రాసెసర్‌ది 7.67, పీసీ ఇంజిన్‌ది 7.16. అంకెలు పక్కపక్కన పెట్టి రెట్టింపు వేగం అనేయకండి. ఒక్కో టిక్‌కు ఒక్కో ప్రాసెసర్ చేసే పని వేరు.

దీన్ని కొలవడానికి బ్యాక్‌గ్రౌండ్ కాకుండా మీ సొంత బుల్లెట్‌ను గుర్తుగా పెట్టుకోండి. దూరపు కొండల పొర మామూలుగానే రెండు ఫ్రేములకు ఒక పిక్సెల్ చొప్పున జరుగుతుండవచ్చు, దాన్ని చూసి స్లోడౌన్ అనుకుంటారు. బుల్లెట్ ప్రతి ఫ్రేమ్‌లోనూ కదలాలి. రద్దీగా ఉన్న చోట 60 ఫ్రేముల ముక్క తీసుకుని, బుల్లెట్లు ఎన్ని ఫ్రేముల్లో కదిలాయో లెక్కపెట్టండి. 60కి 60 వస్తే పూర్తి వేగం, 30 వస్తే సగం. స్టేజ్ మొత్తంలో ఎన్ని సెకన్లు సగం వేగంలో గడిచాయో రాసుకుంటే సరిపోతుంది.

ఆ అంకెను ఎలా చదవాలన్నది ఇంకో ప్రశ్న. సూపర్ ఫామికామ్ గ్రేడియస్ 3 (1990) స్లోడౌన్‌కు పేరుపడింది. నాలుగు ఆప్షన్లతో లేజర్ పెట్టుకుని బుడగల స్టేజ్‌లోకి వెళ్తే, బుడగలు చిట్లి చిన్నచిన్నవి అవుతున్నకొద్దీ ఆట నీళ్లలో నడిచినట్టు సాగుతుంది. కానీ ఆ నెమ్మదే ఆటగాడికి ఇరుకు సందుల్లోంచి దూరే సమయం ఇస్తుంది. 2019లో ఈ ఆటను ఎస్‌ఏ-1 అనే వేగవంతమైన సహాయక చిప్ మీద నడిచేలా మార్చిన ప్యాచ్ ఒకటి వచ్చింది. దానితో ఆడితే అవే స్టేజులు బాగా కష్టంగా అనిపిస్తాయి. అందుకని అసలు కార్ట్రిడ్జ్‌ను పోలుస్తున్నప్పుడు ప్యాచ్‌గానీ, ఎమ్యులేటర్ ఓవర్‌క్లాక్ (ప్రాసెసర్ వేగం పెంచడం) గానీ వద్దు. ప్యాచ్ వేసినదాన్ని వేరే ఆటగా భావించి వేరే వరుసలో రాయండి.

కాల్పుల వేగం

కంట్రోలర్ వల్ల వచ్చే తేడాను ఆట మీద వేయడం చాలా తేలిక. పీసీ ఇంజిన్ తొలి తెల్ల కన్సోల్‌తో వచ్చిన ప్యాడ్‌కు టర్బో (బటన్‌ను తనంతట తానే వేగంగా నొక్కే) స్విచ్‌లు లేవు. తర్వాత వచ్చిన టర్బో ప్యాడ్‌లో రెండు బటన్లకూ మూడేసి స్థాయిల స్విచ్‌లున్నాయి. ఒకరు టర్బోతో సూపర్ స్టార్ సోల్జర్ ఆడి, ఇంకొకరు చేత్తో నొక్కి ఆడి అభిప్రాయాలు పోల్చుకుంటే ఇద్దరూ వేర్వేరు ఆటల గురించి మాట్లాడుతున్నట్టే. టర్బో ఉంచాలా వద్దా అని ముందే నిర్ణయించుకుని అన్ని ఆటలకూ అదే పాటించండి. నా సలహా ఉంచమనే. చేతి అలసట ఆట నాణ్యతకు కొలమానం కాదు.

అయితే టర్బో ఎంత పెంచినా ఉపయోగం లేని హద్దులు రెండు ఉన్నాయి. సాధారణంగా ఆట బటన్‌ను ఫ్రేముకు ఒకసారే చదువుతుంది, నొక్కడం ఒక ఫ్రేమ్, వదలడం ఒక ఫ్రేమ్. కాబట్టి సెకనుకు 30 కాల్పులు మించవు. అంతకన్నా వేగంగా కొట్టే ప్యాడ్ కొన్ని నొక్కులను పోగొట్టుకుని, తడబడుతూ కాలుస్తుంది. రెండోది, చాలా పాత షూటర్లలో తెర మీద ఒకేసారి ఉండగల మీ బుల్లెట్లకు పరిమితి ఉంటుంది. ముందువి తగిలితేనో, తెర దాటితేనో కొత్తవి వస్తాయి. అలాంటి ఆటలో శత్రువుకు దగ్గరగా వెళ్లేకొద్దీ కాల్పులు చిక్కబడతాయి. ఇది ధైర్యానికి ఇచ్చే బహుమతి, డిజైన్‌లో చాలా విలువైన భాగం. శత్రువులు లేని చోట కాలుస్తూ తెర మీద గరిష్ఠంగా ఎన్ని బుల్లెట్లు నిలుస్తున్నాయో పాజ్ చేసి లెక్కపెడితే ఈ పరిమితి తెలుస్తుంది.

లైఫ్ పోయాక

ప్రతి ఆటలోనూ మూడో స్టేజ్ దాకా పూర్తి ఆయుధాలతో వెళ్లండి. స్టేజ్ నడుమ కావాలని చావండి. అక్కడి నుంచి మూడు విషయాలు రాసుకోండి: ఎక్కడ మళ్లీ మొదలైంది, చేతిలో ఏం మిగిలింది, పోయిన బలం తిరిగి రావడానికి ఎన్ని సెకన్లు పట్టింది.

ఫలితాలు ఎంత దూరదూరంగా వస్తాయో చూస్తే ఈ పరీక్ష విలువ అర్థమవుతుంది. గ్రేడియస్‌లో చెక్‌పాయింట్‌కు (స్టేజ్‌లో మళ్లీ మొదలయ్యే చోటికి) వెనక్కి పంపుతారు, అన్నీ పోతాయి, వేగం కూడా. చివరి స్టేజుల్లో పూర్తి ఆయుధాలను ఉద్దేశించి పేర్చిన శత్రువుల మధ్య చిన్న తుపాకీతో, నత్తనడకతో నిలబడాలి. ఒక్క లైఫ్ పోతే చాలు, మిగిలినవన్నీ వరుసగా పోతాయి. థండర్ ఫోర్స్ 3లో ఉన్నచోటే మళ్లీ వస్తాం, ఆయుధాల్లో చచ్చినప్పుడు వాడుతున్నది పోతుంది. అందుకే ప్రాణం మీదికి వచ్చిన క్షణంలో తక్కువ విలువైన ఆయుధానికి మారడం అక్కడ ఒక నేర్పు. ముషా అలెస్టేలో ప్రత్యేక ఆయుధం చేతిలో ఉండగా దెబ్బ తగిలితే ఆయుధం పోతుంది, ప్రాణం నిలుస్తుంది. ఆక్సెలేలో (సూపర్ ఫామికామ్, 1992) బుల్లెట్ తగిలితే వాడుతున్న ఆయుధం పాడవుతుంది, దేనికైనా గుద్దుకుంటే మాత్రం నేరుగా ప్రాణమే పోతుంది. సూపర్ ఆర్-టైప్‌లో (1991) స్టేజ్ మధ్యలో చెక్‌పాయింట్లే లేవు, బాస్ దగ్గర పోయినా స్టేజ్ మొదటికి రావాలి.

ఈ ఒక్క నిర్ణయం వల్ల సూపర్ ఆర్-టైప్ ఎంత మారిపోయిందో చెప్పాలి. ఆర్-టైప్ ఎప్పుడూ కష్టమైన ఆటే, కానీ ఆర్కేడ్‌లో చెక్‌పాయింట్ దగ్గర మళ్లీ మళ్లీ ఆడుతూ ఆ ముక్కను చదువుకోవచ్చు. చెక్‌పాయింట్లు తీసేస్తే అప్పటికే వచ్చిన ముక్కను ఇరవైసార్లు ఆడి, రాని ముక్కను ఒక్కసారి ఆడతాం. నేర్చుకునే దారినే మూసేశారు. మంచి బొమ్మలు, మంచి సంగీతం ఉన్న ఆట మీద ఇది పెద్ద మచ్చ.

కష్టాన్ని కొలిచేటప్పుడు దాగి ఉన్న ర్యాంక్ సంగతి మరవకండి. కొన్ని ఆటలు మనం ఎంత బలంగా ఉంటే అంత కఠినంగా మారతాయి. కంపైల్ చేసిన జనాక్ (1986) మన ఆటతీరును బట్టి శత్రువులను మార్చే పద్ధతికే పేరు తెచ్చుకుంది. ఇలాంటి ఆటను ఇద్దరు ఆడితే ఇద్దరికీ వేర్వేరు కష్టం ఎదురవుతుంది. అందుకే పరీక్షలన్నీ ఒకరే ఆడాలి, డిఫికల్టీ అన్నిటికీ నార్మల్‌లో ఉండాలి, కంటిన్యూ వాడకూడదు.

పోర్ట్ అయితే

ఆర్కేడ్ నుంచి వచ్చిన ఆటకు ఇంకో పరీక్ష కావాలి: ఏం వదిలేశారు, దాని బదులు ఏం పెట్టారు. పీసీ ఇంజిన్ ఆర్-టైప్ (1988) జపాన్‌లో రెండు కార్డులుగా అమ్మారు, మొదటి నాలుగు స్టేజులు ఒకదానిలో, చివరి నాలుగు ఇంకోదానిలో. మొదటి కార్డు ఒక్కటే ఆడి ఆట చిన్నదని రాయకండి. అమెరికాలో అదే ఆట ఒకే కార్డులో వచ్చింది. అదే ఏడు మాస్టర్ సిస్టమ్‌కు కంపైల్ చేసిన పోర్ట్‌లో ఫ్లికర్ చాలా ఉంది, కానీ ఎనిమిది స్టేజులూ ఉన్నాయి, ఆర్కేడ్‌లో లేని రహస్య స్టేజ్ కూడా ఒకటి ఉంది. కన్సోల్ శక్తితో పోల్చి చూస్తే నేను దీనికే ఎక్కువ మార్కులు వేస్తాను. గ్రేడియస్ 3లో ఆర్కేడ్‌లోని త్రీడీ స్టేజ్ సూపర్ ఫామికామ్‌లో లేదు. ఆర్కేడ్ గ్రేడియస్ 3 కాఠిన్యం తెలిసినవాళ్లకు ఇంటి వెర్షన్ మెత్తబడిన తీరు ఊరట.

శబ్దం

సంగీతం బాగుందా అనేది అభిరుచి. కాల్పుల మధ్య సంగీతం నిలబడుతోందా అనేది కొలవగలిగింది. ఎన్‌ఈఎస్‌లో అయిదు శబ్ద మార్గాలు, పీసీ ఇంజిన్‌లో ఆరు, సూపర్ ఫామికామ్‌లో ఎనిమిది. మెగా డ్రైవ్‌లో ఎఫ్‌ఎం అనే శబ్ద చిప్‌వి ఆరు, పక్కన పీఎస్‌జీ అనే ఇంకో చిప్‌వి నాలుగు. కాల్పుల శబ్దం వాటిలోంచే ఒకటి లాక్కుంటుంది, షూటర్‌లో కాల్పులు ఆగవు. కాబట్టి పాజ్ చేయకుండా పదిహేను సెకన్లు కాల్చకుండా వినండి, అదే ముక్కను కాలుస్తూ వినండి. రెండోసారి బేస్ పోయిందా, రాగం తెగిపోయిందా తెలుస్తుంది.

ఏ వరుసలో చేయాలి

ఒక్కో ఆటను ముందు అయిదుసార్లు అలవాటు కోసం ఆడండి, వాటిని లెక్కించవద్దు. తర్వాత అయిదుసార్లు ఆడి రికార్డ్ చేయండి. రెండు ఆటలనూ ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి ఆడాలి. ఒకటి మొత్తం ముగించి రెండోదానికి వెళ్తే, మొదటిదానిలో చేయి తిరిగిన లాభం రెండోదానికి దక్కుతుంది. స్కోర్లను ఆట నుంచి ఆటకు పోల్చడంలో అర్థం లేదు, పాయింట్ల విలువలు వేరు. ఒకే ఆటలో మీ అయిదు స్కోర్ల మధ్య తేడా మాత్రం పనికొస్తుంది. ఒకసారి రెండు లక్షలు, ఇంకోసారి ఇరవై వేలు వస్తే ఆ ఆట ఒక్క తప్పుకు చాలా వసూలు చేస్తోందని.

సూపర్ స్టార్ సోల్జర్ (1990), ఫైనల్ సోల్జర్ (1991), సోల్జర్ బ్లేడ్ (1992) మూడింటిలోనూ 2 నిమిషాల, 5 నిమిషాల మోడ్‌లు ఉన్నాయి. వీటిని విడుదల చేసిన హడ్సన్ సంస్థ 1985 నుంచి జపాన్‌లో ఊరూరా తిరిగి నడిపిన క్యారవాన్ పోటీల సంప్రదాయం అది. వ్యవధి ముందే నిర్ణయమై ఉంటుంది కాబట్టి, ఈ మూడింటినీ తమలో తాము పోల్చడానికి 5 నిమిషాల మోడ్‌కు మించింది లేదు. మొదటి నిమిషం స్కోరునూ చివరి నిమిషం స్కోరునూ విడిగా రాసుకోండి. రెండింటి మధ్య దూరం ఎక్కువగా ఉన్న ఆటలో పాయింట్ల దారులు లోతుగా దాచి ఉంటాయి, దాన్ని ఇంకో పదిసార్లు ఆడాకే తీర్పు రాయాలి.